మోచేతితో చూసిన బెల్లం నీళ్లు

నాకు ముప్పై నాలుగేళ్లు. విరమణ చేసినవారి అనుభవాలు రాయవలసిన వయసు కాదని తెలుసు. "రిటైరయ్యానమ్మా" అని ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ చేటలోంచి తలెత్తలేదు.

"రిటైరేటే, బడాయి కాకపోతే! తల్లో ఒక్క తెల్ల ఎంటుకైనా లేదు. పని మానేసినానని సెప్పు" అంది.

ఆమె అభ్యంతరంలో న్యాయం ఉంది. నా జవాబు ఇది: నేను తొమ్మిదేళ్లు పనిచేసిన ల్యాబ్ ఇప్పుడు లేదు. ప్రాజెక్టు ముగిసింది. బరంపురం శివార్లలోని ఆ రెండు గదులకు తాళం పడింది. పరికరాలు మరో పెద్ద ల్యాబ్‌కు వెళ్లాయి. నన్నూ రమ్మన్నారు, నేను వెళ్లలేదు. చేసిన పనికి ఇక తిరిగి వెళ్లేది లేనప్పుడు దాన్ని విరమణ అనడంలో తప్పు లేదని నా వాదం. ఆ ల్యాబ్‌లో కొత్తగా ముగ్గురు చేరారట. వారికోసం ఇది రాస్తున్నాను. నియామక పత్రంలో ఉన్న విషయాలు ఇక్కడ ఉండవు. నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంటుంది. దాన్ని ఇప్పుడు తేలిక మనసుతో చెప్పగలుగుతున్నాను. ఒకప్పుడు అలా చెప్పగలనని అనుకోలేదు.

పని

పెసర, మినుము, కంది, వేరుశనగ, ఏ మొక్కనైనా వేళ్లు తెగకుండా పెకలించి కడిగి చూడండి. వేళ్ల మీద ఆవగింజంత, మిరియమంత బుడిపెలు ఉంటాయి. వాటిలో కంటికి కనిపించని బాక్టీరియా కాపురముంటుంది. గాలిలో నత్రజనికి కొదవ లేదు కాని, మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. ఈ బాక్టీరియా దాన్ని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరను వేళ్లకు పంపి బాక్టీరియాను పోషిస్తుంది.

మంచి బాక్టీరియాను పెంచి, బొగ్గుపొడిలో కలిపి, ప్యాకెట్లలో నింపి రైతులకు ఇవ్వడం మా ల్యాబ్ పని. రైతు బెల్లం నీళ్లు కాచి, చల్లార్చి, 'కల్చర్' అని పిలిచే ఈ పొడి కలిపి, ఆ జిగురును విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. నీళ్లు వేడిగా ఉండగా కలిపితే బాక్టీరియా చచ్చిపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఇంకొకటి. మొక్క పూతకు వచ్చే సమయానికి బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబి రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టు. తెల్లగా ఉంటే మొక్క పెట్టింది తింటూ ఊరికే కూర్చున్నట్టు. ఇందుకు ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు, బొటనవేలి గోరు చాలు.

గెలిచిన పోటీ

ఊరికే కూర్చుని తినడం లాభసాటి అయినప్పుడు, ఏ ప్రాణి అయినా ఎందుకు పనిచేయాలి?

ఈ ప్రశ్న నాకు ల్యాబ్‌లో పుట్టలేదు, కాలేజీ డిబేట్‌లో పుట్టింది. "ప్రకృతిలో సహకారమన్నది లేదు, ఉన్నది స్వార్థమే" అన్న తీర్మానాన్ని సమర్థిస్తూ మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. నా వాదం చాలా బిగువుగా ఉండేది. పరిణామం జరిగేది ఎక్కువ సంతానాన్ని మిగిల్చినవారి పక్షాన. ఇతరులకు పెట్టినవాడి సంతానానికి తగ్గుతుంది. కాబట్టి పెట్టే గుణం తరతరానికీ అంతరించాలి. ఎదుటి పక్షం చీమలనీ తేనెటీగలనీ పట్టుకొస్తే, అవి ఒకే తల్లి బిడ్డలు గనుక అక్కచెల్లెళ్లకు చేసింది తమకు చేసుకున్నట్టేనని తిప్పికొట్టాను.

న్యాయనిర్ణేత మా జువాలజీ మాస్టారు. కప్పు చేతికిస్తూ, "బాగా మాట్లాడావు. నువ్వు చెప్పింది నిజమైతే కందిచేను ఎలా పండుతోందో కూడా ఒకసారి ఆలోచించు" అన్నారు. అప్పుడు నవ్వేశాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మా నాన్నగారికి బెల్లం టోకు వ్యాపారం. మా ఇంట్లో ఎవరూ పొలం దున్నినవారు కాదు. అయినా ఎమ్మెస్సీ తర్వాత నేను వెళ్లి చేరింది ఈ బుడిపెల ల్యాబ్‌లోనే.

డిబేట్ నాకు నేర్పిన మంచి ఒకటుంది: ఎదుటివారి వాదాన్ని వారికన్నా బాగా చెప్పగలిగాకే దాన్ని ఖండించాలి. చెడు కూడా ఒకటి నేర్పింది. అది ముందు ముందు వస్తుంది.

పాణిగ్రాహి సారు టీ ముంతలు

మా ల్యాబ్ ఇన్‌ఛార్జి పాణిగ్రాహి సారు. ఒడియా ఆయన. తెలుగు బరంపురం బజారులో నేర్చుకున్నారు. రోజుకు నాలుగుసార్లు ఎదురుగా ఉన్న దుకాణంలో టీ తాగి, తాగిన మట్టి ముంతను పారేయకుండా కడిగి తెచ్చేవారు. అడుగున మేకుతో చిల్లి పొడిచి, ఇసుక పోసి, వరండాలో వరసగా పెట్టేవారు. మేము తయారుచేసిన ప్రతి విడత నుంచి కొంచెం తీసి, ఆ ముంతల్లో పెసలు వేసి చూసేవారు.

"సార్, గాజు పళ్లెంలో బాక్టీరియా చక్కగా పెరుగుతోంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని చేరిన కొత్తలో అడిగాను.

"పళ్లెంలో పెరిగింది బతికున్నట్టు. పనిచేస్తాదో లేదో పళ్లేనికి ఏం తెలుసు? మొక్కని అడగాలమ్మా."

నా పాత ప్రశ్నను ఆయన ముందు పెట్టాను. తినేసి ఊరుకునే బాక్టీరియాకు లాభం ఎక్కువ కదా, అవే ఎందుకు నిండిపోలేదు? ఆయన ఒక మొక్కను పీకి, రెండు బుడిపెలు చీల్చి చూపించారు. ఒకటి గులాబి, రెండోది తెలుపు, చిన్నది.

"చూడు. పనిచేసేదానికి మొక్క అన్నీ పంపుతోంది. పనిచేయనిదానికి గాలి తగ్గించేస్తాది. లోపలున్నవి పెద్దగా పెరగవు, పిల్లల్ని పెట్టవు. మొక్క చచ్చాక బుడిపె కుళ్లి మట్టిలో కలుస్తాది కదా? అప్పుడు ఎవరి పిల్లలు ఎక్కువ బయటికి వస్తారు?"

"పనిచేసినవాటి పిల్లలు."

"బుఝిల? అర్థమైందా? అంతే."

"అయితే ఇది సహకారం కాదు సార్, శిక్ష భయం" అన్నాను. పాయింటు కొట్టానన్న ఉత్సాహం నా గొంతులో ఉండే ఉంటుంది.

"భయపడడానికి బుర్ర ఉండాలి కదమ్మా! భయం, శిక్ష అన్నీ మన మాటలు. దానికి ఇవేవీ తెలియవు" అని నవ్వి, ఇంకో ముంత తీశారు.

ఆ సాయంత్రం నా తీర్మానంలో లోపం దొరికింది. ఇచ్చేవాడు నష్టపోతాడన్నది నిజమే కాని, ఇచ్చింది ఎక్కడికి పోతుందో నేను చూడలేదు. ఒక బుడిపెలో ఉన్నవి చాలావరకు ఒకే బాక్టీరియా సంతతి. ఒకటి చేసిన పనికి వచ్చిన ప్రతిఫలం దాని బంధువులకే అందుతుంది. పైగా మొక్క వైపు నుంచి సరఫరా తగ్గడం, పెరగడం ఉన్నాయి. మంచితనం లేకుండానే, ఎవరూ ఎవరినీ నమ్మకుండానే, ఇచ్చిపుచ్చుకోవడం నిలబడుతుంది. నేను గెలిచిన తీర్మానం తప్పు. కప్పును మాత్రం తిరిగి ఇవ్వలేదు.

తాబేళ్ల గురించి ఒక మాట

గంజాం వైపు ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్లు వేలకొద్దీ ఒక్కసారిగా ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. చూసినవారంతా "ఎంత కలిసికట్టు!" అంటారు. నేనూ అన్నాను. నిజానికి ఏ తాబేలూ పక్కదానికి సాయం చేయదు. పక్కదాని గుడ్లను తవ్వి పారేసి తన గుడ్లు పెట్టుకునేవి కూడా ఉన్నాయి. అన్నీ ఒకేసారి పెడితే కుక్కలూ నక్కలూ ఎన్నని తినగలవు? గుంపులో ఉండటం ఒక్కోదానికి విడివిడిగా లాభం, అంతే.

కలిసి ఉండటం వేరు, కలిసి పనిచేయడం వేరు. పొలాల్లో మీకు రెండూ కనిపిస్తాయి. దూరం నుంచి ఒకేలా ఉంటాయి. దగ్గరకు వెళ్లి అడగకుండా ఏది ఏదో చెప్పకండి.

గెడ్డవలస

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని, ఒక గెడ్డ, అంటే వాగు, ఒడ్డున గెడ్డవలస అనే తెలుగు ఊరుంది. వరి కోశాక పెసర వేస్తారు. ఆ ఊరి మహిళా సంఘం ఇరవై రెండు మందిది. సంఘానికి పెద్ద నర్సమ్మ. యాభై ఏళ్లుంటాయి. గట్టి గొంతు, గట్టి చెయ్యి. సంఘంలోని ఆడవాళ్లు ఒకరి పొలంలో ఒకరు మార్చి మార్చి పనిచేసుకుంటారు. ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో చెప్పేది నర్సమ్మే.

నేను చేరిన నాలుగో ఏడు మా ప్రాజెక్టు వారిని విత్తన పెసలు పండించేవారి జాబితాలో చేర్చింది. షరతు ఒకటే: యూరియా వేయకూడదు, మా ప్యాకెట్లే వాడాలి. సంఘంలో చాలామంది భయపడ్డారు. నర్సమ్మ ఇంటింటికీ తిరిగి ఒప్పించింది.

నలభై రోజులకు చేను పసుపుపచ్చబడిపోయిందని కబురు వచ్చింది. పాణిగ్రాహి సారు కంటి ఆపరేషన్‌కు సెలవులో ఉన్నారు. నేనే వెళ్లాను.

వెళ్లేసరికి గట్టు మీద పది మంది ఉన్నారు. నర్సమ్మ తోటికోడలు రావులమ్మ అందరికన్నా ముందుంది.

"సూడండి మేడం, మా నర్సమ్మప్ప పండించిన బంగారం! పసుపు రాసినట్టు లేదేటి?"

"నువ్వూరుకోయే, మేడం సూత్తారు కదా" అంది నర్సమ్మ.

విత్తనాలు కలిపిన కుండ చూపించమన్నాను. విత్తిన నాటినుంచి మూలన పడేసి ఉన్నదాన్నే తెచ్చారు. అడుగున బెల్లం నల్లగా మాడి అంటుకుని ఉంది. మిగిలిన గింజలు జీళ్లలాగ గడ్డకట్టి ఉన్నాయి. బెల్లం మండీలో పుట్టి పెరిగినదాన్ని. మాడిన బెల్లాన్ని, గడ్డకట్టిన పాకాన్ని నాకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు.

"బెల్లం పొయ్యి మీద కాచారా, లేదా?"

"కాసినామమ్మా."

"ఈ గింజలు ఎందుకిలా గడ్డకట్టాయి?"

"అది తెల్దమ్మా."

"సరే" అన్నాను. రెండు ప్రశ్నలతో కేసు ముగిసింది. పది మొక్కలు పీకి చూస్తే బుడిపెలన్నీ చిన్నవి, తెల్లనివి. అది కూడా నా వాదానికే బలమని రాసుకున్నాను.

నా నివేదిక నాలుగు పేరాలు. వేడి పాకంలో కల్చర్ కలిపినందున బాక్టీరియా నశించిందనీ, ఇది సూచనల పట్ల నిర్లక్ష్యమనీ తేల్చాను. ఒక్క వాక్యంలో కూడా తడబాటు లేదు. సారు తిరిగి వచ్చేదాకా ఆగవచ్చు, ఆగలేదు. ఛత్రపూర్‌లో ఉన్న ప్రాజెక్టు కార్యాలయానికి పంపేశాను. వారం తిరగకుండా సంఘం పేరు జాబితా నుంచి తొలగించినట్టు ఉత్తరం గెడ్డవలస చేరింది. అందులో నా మాటే ఉంది: నిర్లక్ష్యం.

తడి గోనెలో రెండు మొక్కలు

ఆ ఉత్తరం చేరిన నాలుగో రోజు నర్సమ్మ బస్సెక్కి ల్యాబ్‌కు వచ్చింది. చేతిలో తడి గోనెగుడ్డ చుట్ట. బల్ల మీద విప్పింది. రెండు పెసర మొక్కలు. ఒకటి పసుపు, ఒకటి నిండు పచ్చ.

"రెండూ మా సంగం సేనివే మేడం. ఈ పచ్చది గెడ్డ పక్క సెక్కలోది. ఒకే కుండ, ఒకే బెల్లం, ఒకే సెయ్యి. మరి నాను కల్సర్ని సంపేసినానంటే ఇదెందుకు బతికింది?"

పచ్చని మొక్క బుడిపెను చీల్చాను. గులాబి. నాలుకలాంటి గులాబి.

నాలోని డిబేటర్ వెంటనే లేచి నిలబడింది. "ఆ చిన్న చెక్క నేలలో ముందునుంచే మంచి బాక్టీరియా ఉండి ఉండవచ్చు. దానివల్ల మీరు వేడిలో కలపలేదని రుజువు కాదు" అన్నాను. తర్కం ప్రకారం సరైన మాటే. ఇప్పటికీ సరైనదే. నర్సమ్మ పచ్చ మొక్కను నా ముందుకు జరిపింది.

"మీకు సదువుంది. మాటకి మాట సెప్తారు. నాకొకటే సెప్పండి. బెల్లం నీల్లు ఎలాగ సల్లార్సినామో మీరు ఒక్కసారైనా అడిగినారేటి?"

అడగలేదు. అప్పుడు అడిగాను.

"ముందు రేత్రి కాసి వొదిలేసినాం. పొద్దున్న మోసెయ్యి ముంచి సూసినాం. సంటిపాపకి నీల్లు పోసినప్పుడు సూడమేటి, అలాగ. నానొక్కదాన్నే కాదు, ముగ్గురం సూసినాం. కుండ మాడిందంటే, అది మా రావులమ్మ పొయ్యికాడ కబుర్లాడతా మాడబెట్టినాది. గింజలు గడ్డకట్టినాయంటే, బెల్లం ఎక్కువేసినాం, అంటుకుంటాదని. అడిగితే సెప్పమేటి?"

నేను పెన్ను తీసి ఆ మాటలు రాసుకున్నాను.

"వొచ్చే నెల సంగం కూకుంటాది. నన్ను తీసేత్తారు. తీసేత్తే తీసేసినారు, పెద్దరికం నాకు కూడెట్టదు. కానీ మేడం, నాను సెప్తేనే ఆల్లు యూరియా మానేసినారు. రేపు నాను మంచి సెప్పినా ఎవులింటారు?"

అప్పుడు నాకు తెలిసింది, డిబేట్ నేర్పిన చెడు ఏదో. పోటీలో మనం అడిగే ప్రశ్నలన్నీ జవాబు తెలిసినవే. ఎదుటివాడిని ఆ జవాబు దగ్గరకు నడిపించడానికే అడుగుతాం. ప్రశ్నించడం నా గుణమని నలుగురిలో చెప్పుకున్నాను. జవాబు తెలియని ప్రశ్నను నేను ఆ గట్టు మీద ఒక్కటీ అడగలేదు.

ఇరవై ఆరు రోజులు

నర్సమ్మ చెంగున ముడివేసి తెచ్చిన మిగిలిన గింజలను తీసుకున్నాను. మర్నాడు గెడ్డవలస వెళ్లి రెండు చోట్ల మట్టి తెచ్చాను. సారు ముంతలను మూడు వరసలు పెట్టాను. మొదటి వరసలో కాల్చి శుభ్రం చేసిన ఇసుక, నర్సమ్మ గింజలు. ఆ ఇసుకలో వేరే బాక్టీరియా ఉండదు కాబట్టి, గింజ మీద కాస్తంత బతికి ఉన్నా బుడిపె కడుతుంది. చచ్చి ఉంటే కట్టదు. రెండో వరసలో పసుపు చేని మట్టి, మూడో వరసలో గెడ్డ పక్క మట్టి. ఈ రెండింటిలోనూ మా ప్యాకెట్ పట్టించిన గింజలు కొన్ని, పట్టించనివి కొన్ని.

ఇరవై ఆరు రోజులు ఆగాలి. సంఘం సమావేశం ముప్పయ్యో రోజున. ఆ రోజుల్లో నేను ఏమి కోరుకున్నానో నిజాయితీగా చెబుతాను: మొదటి పది రోజులు నా నివేదిక నిజం కావాలని కోరుకున్నాను. తర్వాత ఒకరోజు వరండాలో నీళ్లు పోస్తూ, ముగ్గురు ఆడవాళ్లు వరసగా కుండలో మోచెయ్యి ముంచడం కళ్ల ముందు కనిపించింది. ఆ తర్వాత అలా కోరుకోలేకపోయాను.

ఇరవై ఆరో రోజున పాణిగ్రాహి సారు నల్లకళ్లద్దాలతో వచ్చారు. జరిగింది చెప్పాను. "పీకు" అన్నారు.

మొదటి ముంత. ఇసుక కడిగితే వేరు మొదట్లో నాలుగు బుడిపెలు. చీల్చాను. గులాబి. రెండో ముంత, మూడో ముంత కూడా అంతే. కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. నాది తప్పని తేలినందుకు అంత సంతోషం కలుగుతుందని నాకెవరూ చెప్పలేదు.

పసుపు చేని మట్టిలో మాత్రం ప్యాకెట్ పట్టించినా, పట్టించకపోయినా దాదాపు అన్నీ చిన్న తెల్ల బుడిపెలే. గెడ్డ పక్క మట్టిలో రెండింటికీ గులాబివే.

తేడా ఎక్కడుంది? పసుపు చేనికి ఏళ్ల తరబడి యూరియా పడింది. గెడ్డ పక్క చెక్క సంఘంలోని ఒక ముసలామెది. యూరియా కొనలేక పెంట ఎరువే వేసేది. సారు నన్ను ఇలా ఆలోచింపజేశారు: యూరియా పైనుంచి వచ్చిపడుతుంటే, బుడిపె పనిచేసినా చేయకపోయినా మొక్కకు లోటు లేదు. ఊరికే తినేవాటికీ నష్టం లేదు. అలా ఏటేటా అవి పెరిగాయి. యూరియా ఒక్కసారి ఆపేసరికి, మట్టి నిండా ఊరికే తినేవే. మా ప్యాకెట్‌లోని కొద్దిపాటి బాక్టీరియాకు వేరు మీద చోటు దొరకలేదు. మొక్క ఊరికే తినేవాటికి సరఫరా తగ్గించాలన్నా, తగ్గించి ఎవరికి పెంచాలి?

రెండు పొలాలు, కొన్ని ముంతలు దీనికి పూర్తి రుజువు కావని ఇప్పటికీ నా అభిప్రాయం. కాని నర్సమ్మ నిర్దోషి అనడానికి మొదటి వరస ముంతలు చాలు.

"తప్పు ఎవరిదమ్మా?" అన్నారు సారు.

"నాది సార్."

"ఆ మాట మొదటి లైన్లో రాయి. సైన్సు తర్వాత రాయి. ముందు సైన్సు రాస్తే ఆ మాట ఎవడూ చదవడు."

సమావేశం

ఛత్రపూర్‌లో ప్రాజెక్టు అధికారి నా కొత్త నివేదిక చదివి, "మీ పేరుకే మచ్చ కదమ్మా" అన్నారు. "మచ్చ ఇప్పటికే పడింది సార్, వేరొకరి మీద" అన్నాను. ఆయన తొలగింపును రద్దుచేస్తూ సంతకం పెట్టారు.

ముప్పయ్యో రోజున గెడ్డవలస బడి వరండాలో సంఘం కూర్చుంది. నర్సమ్మ ఒక స్తంభానికి ఆనుకుని ఉంది. నేను నిలబడి కాగితం చదివాను. పోటీల్లో ఎన్నడూ కాగితం పట్టుకోలేదు, అక్కడ పట్టుకున్నాను.

రావులమ్మ చెయ్యెత్తింది. "ఆగండి మేడం. అయితే మా నర్సమ్మప్పది తప్పు కాదేటి?"

"కాదు."

"పేకట్టుది?"

"అదీ కాదు."

"మరి ఎవులిది?"

"నాది. అడగకుండా రాశాను."

 వెనకనుంచి ఒక ముసలామె, "ఓలమ్మో, గవర్మెంటోల్లు తప్పు ఒప్పుకున్నారే! రేపు వాన పడిపోద్ది" అంది. వరండా అంతా నవ్వు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. అప్పుడు ఆమె భుజాలు కిందికి దిగడం చూశాను. నెల రోజులుగా అవి అలా బిగబట్టే ఉన్నాయని అప్పుడే తెలిసింది.

బుడిపెల సంగతి వివరించాను. ఊరికే తినేవాటికి మొక్క సరఫరా తగ్గిస్తుందంటే వారికి వింతగా అనిపించలేదు.

"మాదీ అంతే కదేటి" అంది నర్సమ్మ. "పనికి పిలిత్తే రాకపోతే ఒకసారి సూత్తాం, రెండుసార్లు సూత్తాం. మూడోసారి ఆల్ల సేనుకి మేం ఎల్లం."

"అయితే రావులమ్మని ఏం చేస్తావు?" అని ఎవరో ఎగదోశారు. ఆ నెలంతా నర్సమ్మను ఊరంతా ఆడిపోసుకునేలా చేసింది రావులమ్మే.

నర్సమ్మ తోటికోడలి వంక చూసింది. "దాని సేను ఎల్లుండి కొయ్యాల. అందరం ఎల్దాం. కానీ పొయ్యికాడ మాత్రం దాన్ని కూకోబెట్టకండి."

దీన్ని ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ప్రకృతిలో ఉన్నది కాబట్టి మనమూ అలాగే చేయాలని వాదించేవారు మీకు తారసపడతారు. ఆ వాదం చెల్లదు. వేరుకు బుడిపె మీద కోపమూ లేదు, క్షమా లేదు. పొరపాటును, సోమరితనాన్ని అది వేరుచేయలేదు. నర్సమ్మ వేరుచేయగలదు. రెండోసారి చూస్తుంది, మూడోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆ లెక్కే పక్కన పెడుతుంది. సహకారం ఎలా పుట్టిందో పరిణామం చెబుతుంది. దాన్ని ఎంత దూరం తీసుకెళ్లాలో మనమే తేల్చుకోవాలి.

సమావేశం ముగుస్తుండగా నర్సమ్మే అడిగింది: "పెరుగు తోడేసినట్టు, ఆ గెడ్డ పక్క మన్నే తట్టలతో తెచ్చి మా సేన్లో సల్లితే?"

ప్యాకెట్లు లేని కాలంలో చాలాచోట్ల అలాగే చేసేవారు. ఆ సంగతి నేను చదివాను, ఆమె చదవలేదు. మరుసటి ఏడు ఇరవై రెండు మందీ తట్టలతో మట్టి మోశారు. ప్యాకెట్లు కూడా రెట్టింపు ఇచ్చాం. పంట మొత్తం బాగుపడలేదు. మడికి ఒకచోట ఇంకా పసుపు ఉంది. మూడో ఏటికి అది కూడా తగ్గింది.

ఇక మీకు

జాగ్రత్తలు చెప్పే అలవాటు నాకు లేదు. రెండే రాస్తాను. మీ ఇన్‌ఛార్జి సెలవులో ఉన్నప్పుడు ఎవరి మీదా నివేదిక పంపకండి. వరండాలో ముంతలు పెట్టుకోండి.

ఇప్పుడు నేను పిన్నీ అని పిలిచే నర్సమ్మ కిందటి వారం ఫోన్ చేసింది. మీ ముగ్గురిలో ఒకరు గెడ్డవలస వెళ్లారట.

"కొత్త మేడం వొచ్చినాది. నీకన్నా సన్నగున్నాది, నల్లద్దాలెట్టుకున్నాది."

"ఏమంది పిన్నీ?"

"కుండ సూసినాది. మా రావులమ్మ మల్లీ మాడబెట్టేసినాది లే."

ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించాను. "తర్వాత?"

"తర్వాతేటి? గట్టు మీద కూకుని, 'బెల్లం నీల్లు ఎలాగ సల్లారుత్తారమ్మా, నాకు సూపించండి' అన్నాది. సూపించినాం. మోసెయ్యి ముంచినాది కూడా." నవ్వింది. "నీలాగ కాదులే. ముందే అడిగినాది."